గడువు తీరిన డాట్ కామ్‌ని తక్కువలో పట్టాలంటే?

కొత్తకుండ
వంటల సైటుకి ఒక డాట్ కామ్ పేరు మీద కన్నుంది. పాత సైటు మూతపడి చాలా కాలమైంది, గడువు ఈ నెల మొదట్లో తీరాలి. తీరా ఇప్పుడు డొమైన్ వివరాలు చూపే ఆర్‌డీఏపీలో వెతికితే ఎక్స్‌పైరీ వచ్చే ఏడాదికి జరిగిపోయి ఉంది. ఓనరు డబ్బు కట్టేసినట్టేనా? బ్యాక్‌ఆర్డర్ (పేరు ఖాళీ కాగానే పట్టివ్వమని ఏదైనా సంస్థకి ముందే చెప్పి ఉంచడం) పెట్టాలా, ఆగాలా? బడ్జెట్ 3 వేల లోపు.

డీఎన్ఎస్_దాసు
కట్టాడని అప్పుడే అనుకోకండి. డాట్ కామ్ రిజిస్ట్రీ, అంటే ఆ పేర్లన్నిటి అసలు పట్టిక, వెరిసైన్‌ది. గడువు తీరిన రోజునే అది ప్రతి పేరునీ తనంతట తాను ఏడాది పొడిగించేస్తుంది. ఓనరు డబ్బు కట్టకపోతే 45 రోజుల్లోపు రిజిస్ట్రార్ (పేర్లు అమ్మే సంస్థ) ఆ పేరుని డిలీట్ చేసి రిజిస్ట్రీకి కట్టిన తన సొమ్ము వెనక్కి తీసుకుంటాడు. మీరు చూసిన కొత్త తేదీ ఈ పొడిగింపుదే కావచ్చు. స్టేటస్‌లో "ఆటో రెన్యూ పీరియడ్" అని ఉన్నా తేలదు, ఎందుకంటే నిజంగా కట్టిన పేర్లకీ ఆ 45 రోజులూ అదే కనిపిస్తుంది.

పేరు ఏ హోస్టింగ్‌కి వెళ్తుందో చెప్పే నేమ్‌సర్వర్లు చూడండి. పాత హోస్టింగ్‌వే ఉంటే కట్టి ఉండొచ్చు. రిజిస్ట్రార్ పార్కింగ్ సర్వర్లకి (సైటు లేని పేర్లకి తాత్కాలిక పేజీ చూపేవి) మారి, సైటు తెరిస్తే "ఈ డొమైన్ గడువు తీరింది" పేజీ వస్తుంటే కట్టలేదన్నట్టే. డిలీట్‌కి ముందు కనీసం 8 రోజులు పాత సైటు ఆగిపోవాలని, డొమైన్ పేర్ల నియమాలు పెట్టే ఐకాన్ నిబంధన, కాబట్టి ఈ గుర్తు ఎప్పుడో ఒకప్పుడు బయటపడక తప్పదు.

ఓరుగల్లు_టెక్
దాసన్న చెప్పిన 45 రోజుల తర్వాత రిడెంప్షన్ 30 రోజులు. అప్పుడు పాత ఓనరు ఒక్కడే, అదీ పెద్ద జరిమానా కట్టి, తీసుకోగలడు. ఆ తర్వాత పెండింగ్ డిలీట్ 5 రోజులు, ఇక ఎవరూ ముట్టుకోలేరు. ఆరో రోజు డ్రాప్, అంటే ఎవరైనా కొనుక్కునేలా పేరు ఖాళీ అవుతుంది. పుస్తకంలో ఉండే వరస ఇది.

కానీ కాస్త బాగున్న పేర్లు అంతదాకా రావు భయ్యా. పెద్ద రిజిస్ట్రార్లు డిలీట్ చేయడానికి ముందే వేలంలో పెట్టేస్తారు. గోడాడీలో అయితే గడువు తీరిన నాలుగో వారంలో వేలం మొదలై పది రోజులు నడుస్తుంది. ఒక్క బిడ్ కూడా రాని పేర్లు క్లోజవుట్‌కి వెళ్తాయి, అక్కడ ధర రోజురోజుకీ దిగుతుంది: 50 డాలర్లు, 40, 30, 11, చివరికి 5. దీనికి ఏడాది రెన్యూవల్ కలుస్తుంది. 5 డాలర్ల మెట్టు మీద దొరికితే మొత్తం సుమారు రెండున్నర వేలు. మీ బడ్జెట్‌కి సరిపోయే చోటు ఇదే. వేలంలో బిడ్ వేశారో, పేరు చూసుకునే వాళ్లు మీ వెనకాలే చేరతారు. అందుకే క్లోజవుట్ దాకా కదలకుండా కూర్చోవడం మేలు.

ఒక మెలిక. వేలం నడుస్తుండగా కూడా పాత ఓనరు వచ్చి కట్టేయొచ్చు. మీ డబ్బు వెనక్కి వస్తుంది, పేరు రాదు. ఖాతాలోకి చేరేదాకా లోగో చేయించకండి.

గోదారి_గట్టు
క్లోజవుట్‌లో 5 డాలర్ల మెట్టు దాకా ఆగడం నాకు నచ్చని సలహా. 11 డాలర్ల మెట్టు దగ్గరే కొనేయండి. ఆ ఆరు డాలర్ల తేడా కోసం ఇంకో రోజు ఆగితే, అదే లెక్క వేసుకుని కూర్చున్నవాడు ముందు నొక్కేస్తాడు.

బ్యాక్‌ఆర్డర్ సంగతికొస్తే, డ్రాప్‌క్యాచ్ లాంటి సంస్థల దగ్గర వందల కొద్దీ రిజిస్ట్రార్ లైసెన్సులు ఉంటాయి. డ్రాప్ అయ్యే క్షణంలో అన్నిటి నుంచీ ఒకేసారి అడుగుతాయి. అలారం పెట్టుకుని చేత్తో నొక్కి వాటిని ఓడించే పని కాదు. డాట్ కామ్ డ్రాప్ అమెరికా తూర్పు తీరంలో మధ్యాహ్నం 2కి మొదలవుతుంది. మనకి వేసవిలో రాత్రి 11:30, చలికాలంలో 12:30. పేరు పడితేనే డబ్బు తీసుకుంటారు, కనీసం 59 డాలర్లు, అంటే 5 వేలు దాటుతుంది. ఇంకెవరైనా అదే పేరు అడిగి ఉంటే మూడు రోజుల వేలం పెడతారు. మీ బడ్జెట్‌కి అది అక్కర్లేదు.

వాళ్ల సాఫ్ట్‌వేర్ వెతికేది ముఖ్యంగా లింకుల్ని, ఇంగ్లిష్ మాటల్ని. "వంటిల్లు", "రుచులు" అంటే దానికి ఏమీ తెలియదు. బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి వచ్చే లింకులు) లేని తెలుగు పేరైతే ఎవరూ పట్టుకోకుండా డ్రాప్ అయ్యే అవకాశం ఎక్కువ. తెల్లారాక మామూలు రిజిస్ట్రేషన్‌లోనే దొరుకుతుంది. తెలుగు మాటని ఇంగ్లిష్ అక్షరాల్లో నాలుగు రకాలుగా రాస్తారు కదా, "హెచ్" చేర్చినదీ చేర్చనిదీ, "ఏ" ఒకటి ఉన్నదీ రెండున్నదీ. ఎక్స్‌పైర్డ్ డొమైన్స్ డాట్ నెట్‌లో అన్ని స్పెల్లింగులూ వేసి చూడండి, ఉచితమే. ఒక్కోసారి జనం ఎక్కువగా టైప్ చేసే స్పెల్లింగే ఖాళీగా దొరుకుతుంది.

పాత_హోస్టింగ్
ధర గురించి ఇంత మాట్లాడారు, సరుకు గురించి ఒక్కరూ మాట్లాడలేదు! కొనేముందు, సైట్ల పాత రూపాలు దాచి ఉంచే వేబ్యాక్ మెషీన్ తెరిచి ఏడాదికి ఒక స్నాప్‌షాట్ చొప్పున వరుసగా చూడండి. మొదటిదీ చివరిదీ చూసి వదిలేస్తే మధ్యలో జరిగింది దాగిపోతుంది. వంటల సైటుగా పుట్టి, నడుమ రెండేళ్లు జపనీస్ బ్యాగుల దుకాణంగానో క్యాసినో పేజీగానో తిరిగి, మళ్లీ పార్కింగ్ అయిన పేర్లు బోలెడు. అలాంటిది 5 డాలర్లకి కూడా వద్దు.

లింకుల టూల్‌లో అథారిటీ అంకె (లింకుల బలానికి టూల్ వేసే మార్కు) ఎంతుందో కాదు, యాంకర్ టెక్స్ట్, అంటే లింకు మీద రాసిన మాటలు, చదవండి. వంటల పేరుకి వచ్చే లింకుల్లో మాత్రలు, బెట్టింగు, చైనీస్ అక్షరాలు ఉంటే ఆ అంకె వండి వడ్డించిందే. ఆపైన గూగుల్ సేఫ్ బ్రౌజింగ్‌లో, స్పామ్‌హాస్ డొమైన్ లిస్టులో, ఫేస్‌బుక్ షేరింగ్ డీబగ్గర్‌లో పేరు వేసి, ఎక్కడైనా బ్లాక్ అయి ఉందేమో చూడండి. చివరిది చాలామంది మరిచిపోతారు. ఫేస్‌బుక్‌లో బ్లాక్ అయిన పేరుతో వంటల సైటు నడపడమంటే పొయ్యి లేకుండా వంట మొదలెట్టడమే.

కొన్న రోజే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో పేరు మీదేనని వెరిఫై చేయండి. పాత ఓనరు మీద పడిన మాన్యువల్ యాక్షన్ (గూగుల్ వేసిన శిక్ష) ఉంటే మీకూ కనిపిస్తుంది. ఓనరు మారాడని రాసి రీకన్సిడరేషన్, అంటే పునఃపరిశీలన, అడగాలి.

పాత పేరు కొంటే ర్యాంకు దానంతట అదే వస్తుందన్న మాట ఇక మానేయొచ్చు. 2024 మార్చిలో గూగుల్ "ఎక్స్‌పైర్డ్ డొమైన్ అబ్యూజ్" అని స్పామ్ పాలసీలోనే చేర్చింది. పాత స్కూలు సైటు పేరు కొని అందులో లోన్ వ్యాసాలు పోస్తే దెబ్బ పడుతుంది. వంటల పేరు వంటలకే వాడితే ఇబ్బంది లేదు.

డీఎన్ఎస్_దాసు
పాత_హోస్టింగ్ గారి జాబితాకి ట్రేడ్‌మార్క్ కలపండి. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థగా మొదలైన సత్యం ఇన్ఫోవే "సిఫీ" పేరు మీద వేసిన కేసులో, డొమైన్ పేరుకి కూడా ట్రేడ్‌మార్క్ తరహా రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు 2004లోనే తేల్చింది. మసాలా బ్రాండు పేరు కలిసిన డొమైన్ చవగ్గా కనిపిస్తే అటు పోకండి. పేర్ల తగాదాలు తేల్చడానికి డాట్ కామ్‌కి యూడీఆర్‌పీ, డాట్ ఇన్‌కి ఐఎన్‌డీఆర్‌పీ అనే పద్ధతులు ఉన్నాయి. ఓడితే పేరు పోతుంది, మీరు పెట్టిన డబ్బు ఎవరూ ఇవ్వరు.

ఓరుగల్లు_టెక్
డబ్బు కట్టేటప్పుడు: కార్డులో ఇంటర్నేషనల్ లావాదేవీ ముందురోజే ఆన్ చేసి పెట్టుకోండి. క్లోజవుట్‌లో పేమెంట్ ఫెయిలైతే పేరు మీకోసం ఆగదు. డాలర్లలో కడితే బ్యాంకు మార్కప్ మామూలుగా 2 నుంచి 3.5 శాతం. కొన్నాక 60 రోజులు ట్రాన్స్‌ఫర్ లాక్ (వేరే రిజిస్ట్రార్‌కి మార్చలేరు) ఉంటుంది, నేమ్‌సర్వర్లు మాత్రం వెంటనే మార్చుకోవచ్చు. డ్రాప్‌లో తీసుకున్న పేరుకి పుట్టిన తేదీ కొత్తగా పడుతుంది, వేలంలోనో క్లోజవుట్‌లోనో తీసుకుంటే పాతదే నిలుస్తుంది.

ఇంకోటి, కొత్త ఖాతాలో క్యాచ్ఆల్ మెయిల్ (ఆ డొమైన్‌లో ఏ అడ్రసుకి వచ్చినా పట్టే డబ్బా) పెట్టకండి. పాత ఓనరు బ్యాంకు ఓటీపీలు, పాస్‌వర్డ్ రీసెట్లు మీ డబ్బాలో పడతాయి. మనకెందుకు ఆ తద్దినం.

కొత్తకుండ
చూశానండీ. నేమ్‌సర్వర్లు రిజిస్ట్రార్ పార్కింగ్‌కి మారాయి, గడువు తీరిందన్న పేజీ వస్తోంది. వేబ్యాక్‌లో మొదటి నుంచీ వంటలే, మధ్యలో ఏదీ దూరలేదు. బ్యాక్‌లింకులు దాదాపు లేవు.

గోదారి_గట్టు
అయితే రిజిస్ట్రార్ ఎవరో చూడండి. గోడాడీ అయితే పేరు వాచ్‌లిస్టులో వేసుకుని, వేలం చివరి రోజు దాకా బిడ్ పడకపోతే మర్నాటి నుంచి క్లోజవుట్ మెట్లు లెక్కపెట్టండి. వేలాలు నడపని చిన్న రిజిస్ట్రార్ అయితే స్టేటస్‌లో "పెండింగ్ డిలీట్" పడేదాకా వారానికోసారి చూస్తే చాలు. అది పడ్డ రోజు నుంచి ఐదు రోజులు లెక్కేసి ఆరో రోజు రాత్రి వదిలేయండి, మర్నాడు పొద్దున్నే వెతకండి.

పాత_హోస్టింగ్
వెతికేది రిజిస్ట్రీ ఆర్‌డీఏపీలో. ఊరూపేరూ లేని "డొమైన్ చెకర్" సైట్లలో రోజూ అదే పేరు కొట్టకండి, మీరు వెతికినది ఎవరి చేతికి పోతుందో చెప్పలేం.