ఇంట్లో పంచదార వాడకం తగ్గించడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:

మాది కాకినాడ. అత్తయ్యగారు, మామయ్యగారు, మావారు, నేను కలిపి ఇంట్లో నలుగురం. నెలకు అయిదు కిలోల పంచదార అయిపోతోంది. ఈ మధ్య మామయ్యగారికి చేయించిన పరీక్షలో హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల్లో రక్తంలో చక్కెర సగటున ఎంత ఉందో చూపే లెక్క) 6.1 శాతం వచ్చింది. మధుమేహం ఇంకా రాలేదనీ, ఇప్పుడే జాగ్రత్తపడాలనీ చెప్పి, డాక్టరుగారు మందులేవీ రాయకుండా తీపి తగ్గించి రోజూ నడవమన్నారు. మిఠాయిలు కొనడం ఆ రోజే మానేశాం. కానీ మామయ్యగారికి రోజుకు మూడు కాఫీలు, సాయంత్రం బిస్కట్లు అలవాటు. పంచదార బదులు బెల్లం వేస్తే సరిపోతుందని అత్తయ్యగారు గట్టిగా నమ్ముతున్నారు. ఆయనకు తిండి మీద విసుగు రాకుండా ఈ మార్పు ఎలా తేవాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1:

అయిదు కిలోలను నలుగురికీ ముప్పై రోజులకూ పంచి చూస్తే మనిషికి రోజుకు దాదాపు 42 గ్రాములు పడుతోంది. రోజుకు 2000 కేలరీలు తినే మనిషికి పైనుంచి కలిపే చక్కెర 50 గ్రాములు దాటకూడదని, 25 గ్రాముల లోపు ఉంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనల సారాంశం. మీ లెక్క 50 లోపే ఉంది కదా అనుకోకండి, బిస్కట్లలోనూ కూల్‌డ్రింకుల్లోనూ ఉన్నది ఈ డబ్బా లెక్కలోకి రాదు.

ముందుగా చెంచా సంగతి చూడండి. మా ఇంటి కాఫీ చెంచాతో గుట్టగా తీసిన పంచదారను తూకం వేస్తే 7 గ్రాములు వచ్చింది, అదే చెంచా అంచుకు సమానంగా తీస్తే 4 గ్రాములే. గుట్ట చెంచాలు రెండేసి చొప్పున మూడు కాఫీలంటే అక్కడే 42 గ్రాములు అయిపోయాయి. అందుకని మొదటి రెండు వారాలు చెంచాల సంఖ్య మార్చకుండా గుట్ట మాత్రం తీసేయండి, ఆ తరువాత రెండు వారాలకొకసారి అరచెంచా చొప్పున తగ్గించండి. ఒక్కసారిగా మానిపించాలని చూస్తే నాలుగో రోజుకే మళ్లీ మొదటికొస్తుంది. నేను అరచెంచాకు రావడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు చుట్టాల ఇళ్లలో ఇచ్చే కాఫీ నాకు పానకంలా అనిపిస్తోంది.

జవాబు 2:

మాది అనకాపల్లి ప్రాంతం, బెల్లం మధ్యనే పెరిగాను కాబట్టి మీ అత్తయ్యగారి నమ్మకం నాకు బాగా తెలుసు. బెల్లంలో ఇనుము, ఇతర ఖనిజాలు కొంత ఉన్న మాట నిజమే. అయినా అందులో అధిక భాగం చెరకు చక్కెరే కనుక, రక్తంలో చక్కెర విషయంలో దానివల్ల పెద్ద తేడా ఉండదు. పైగా మంచిదన్న ధైర్యంతో మరో ముక్క ఎక్కువే వేస్తాం. తేనె సంగతీ అంతే. అయితే పప్పుచారులోనో పులుసులోనో పులుపు సర్దడానికి వేసే చిన్న ముక్క గురించి ఇంట్లో పేచీ పెట్టుకోకండి, బరువంతా కాఫీ, బిస్కట్ల మీదే ఉంది. సాయంత్రం బిస్కట్ల చోట ఒక జామకాయ, గుప్పెడు వేయించిన శనగలు పెట్టి చూడండి. పండును పండుగానే ఇవ్వండి, రసం తీస్తే పీచు పోయి తీపే మిగులుతుంది.

జవాబు 3:

బిస్కట్ పొట్లం వెనుక రాసే పదార్థాలు బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా ఉంటాయి. చక్కెర రెండో స్థానంలోనో మూడో స్థానంలోనో ఉంటే, అదీ కాక ఇన్వర్ట్ సిరప్, లిక్విడ్ గ్లూకోజ్ అని కూడా కనిపిస్తే, అవన్నీ చక్కెర కిందే లెక్క. షుగర్ ఫ్రీ అని రాసినవాటిలో కూడా మైదా ఉంటే అది గ్లూకోజుగానే మారుతుంది.

ఇది చదివే ఇతరులకు ఒక మనవి. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ వంటి మధుమేహం మాత్రలు గానీ వాడేవారు డాక్టరును అడగకుండా తిండిలో పెద్ద మార్పులు చేయకూడదు, చక్కెర ఉన్నట్టుండి పడిపోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. మా చెంచా కూడా తూచాను, గుట్టగా తీస్తే 8 గ్రాములు వచ్చింది. అత్తయ్యగారు పక్కనే నిలబడి చూసి, డబ్బాలో ఆ చెంచా తీసేసి ఊరగాయ జాడీలోని చిన్న చెంచాను కడిగి తుడిచి వేశారు. మామయ్యగారికి మేము ఇంకా ఏమీ చెప్పలేదు.