ఎర్రసముద్రం గొడవలో మనం ఎవరి పక్షం?

మల్కాపురం కుర్రాడు:
మా బావమరిది మర్చంట్ షిప్‌లో ఆయిలర్ (ఇంజిన్ రూమ్ పని). వచ్చే నెల సైన్ ఆన్, అంటే ఓడెక్కాలి. ఓడ ఎర్రసముద్రం, సూయజ్ కాలువ మీదుగా పోతుందా, ఆఫ్రికా చుట్టి పోతుందా అంటే ఏజెంటు నీళ్లు నములుతున్నాడు, ఇంట్లో అత్తయ్యకి ఒకటే టెన్షన్. అదలా ఉంచితే నాకో డౌటు. 2023 డిసెంబరులో ఎర్రసముద్రంలో ఓడల మీద హూతీల (యెమెన్ తిరుగుబాటుదారులు) దాడులు ఆపడానికి అమెరికా కూటమి కడితే మనం చేరలేదు, కానీ మన యుద్ధనౌకలు ఆ పక్కనే ఏడెన్ సింధుశాఖలో తిరిగాయి. ఇదేం లెక్క?

సింధియా జంక్షన్:
ఆ కూటమి ఓడల కాపలాకే అన్నారు గానీ, నెల తిరక్కుండానే అమెరికా, బ్రిటన్ విడిగా యెమెన్ మీద బాంబులేశాయి. చేరి ఉంటే మన పేరూ అందులో కలిపేసేవారు. హూతీల వెనక ఉన్నది ఇరాన్, అక్కడి చాబహార్ పోర్టులో మనం డబ్బు పెట్టాం, ఇజ్రాయెల్ దగ్గర ఆయుధాలు కొంటాం, గల్ఫ్‌లో లక్షల మంది మనవాళ్లున్నారు. ఎవరితో తెంచుకుంటాం?

2024 జనవరి 26న మార్లిన్ లువాండా అనే ట్యాంకర్ ఓడకి క్షిపణి తగిలింది చూడండి. బ్రిటన్ ఓడ అని హూతీలు కొట్టారు. జెండా మార్షల్ దీవులది, లోపల రష్యా నాఫ్తా (ముడిచమురు నుంచి తీసే ఇంధనం), సిబ్బందిలో 22 మంది మనవాళ్లు, ఒకరు బంగ్లాదేశీ. మంటలార్పడానికి వెళ్లింది మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ విశాఖపట్నం. (పేరు మనదే, ఉండేది మాత్రం ముంబైలో.)

గోపాలపట్నం మాస్టారు:
బాబూ, దీన్ని గోడ మీద పిల్లి వాటం అంటారు. మంటలార్పడం సరే, గాల్లో క్షిపణులు కూల్చే పని ఎక్కువగా వేరేవాళ్లు చేస్తే ఆ లాభం మన రొయ్యల కంటైనర్లకీ వచ్చింది కదా. ఉగ్రవాదాన్ని ఎక్కడున్నా ఖండించాలని ఐరాసలో చెప్పేది మనమే.

సింధియా జంక్షన్:
మాస్టారూ, హూతీలని 2021లో ఉగ్రవాద జాబితా నుంచి తీసేసి, 2024లో ఒక జాబితాలో, 2025లో ఇంకో దాంట్లో పెట్టింది అమెరికాయే. 2025 మార్చి నుంచి వారాల తరబడి బాంబులేసి, మేలో ఒమన్ మధ్యవర్తిత్వంతో తమ ఓడల వరకు రాజీ చేసుకుని తప్పుకుంది. జులైలో హూతీలు మ్యాజిక్ సీస్, ఎటర్నిటీ సి అనే రెండు ఓడల్ని ముంచేశారు. బాంబులతో ఏం తేలిందో మీరే చెప్పండి. కాపలా ఖర్చులో మన వాటా తక్కువన్నది మాత్రం ఒప్పుకుంటాను.

పాత బోసన్:
మీ వాదన మీరు కానివ్వండి. తమ్ముడూ, మీ బావమరిదిని ముందు కాంట్రాక్ట్ చదవమను. ఐబీఎఫ్ ఒప్పందం (నావికుల సంఘాలకీ ఓడల కంపెనీలకీ మధ్య అంతర్జాతీయ ఒప్పందం) ఉన్న ఓడైతే, యుద్ధ ప్రాంతంగా ప్రకటించిన చోటికి రానని చెప్పే హక్కుంది, కంపెనీ ఖర్చుతోనే ఇంటికి పంపాలి. ఏజెంటుకి ఆర్‌పీఎస్‌ఎల్ (ఓడల్లో ఉద్యోగాలిప్పించే లైసెన్సు) ఉందో లేదో కేంద్రంలో ఓడల వ్యవహారాలు చూసే డీజీ షిప్పింగ్ సైట్‌లో చూడండి. రూటు నోటిమాటగా కాదు, మెయిల్‌లో అడగమను.