విశాఖ, భీమిలి మధ్య నడిచి చూడాలని ఉంది, కాస్త దారి చెప్పండి

మాది కడప. సంక్రాంతి సెలవులకు అమ్మ, నేను, పదేళ్ల మా పాప తిరుమల ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ వస్తున్నాం. నాలుగు రోజులు ఉంటాం. పోయినసారి ప్యాకేజీ టూర్‌లో వచ్చి విసిగిపోయాం. ఒక్కోచోట పావుగంట ఆపడం, వెంటనే ‘ఎక్కండి ఎక్కండి’ అని విజిల్. సముద్రం కంటే బస్సు సీట్లే ఎక్కువ చూశాం. ఈసారి కాళ్లకే పని చెప్పాలనుకుంటున్నాం.

భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు, పాత బౌద్ధ స్తూపాలున్న తొట్లకొండ, కంబాలకొండ అభయారణ్యం అనుకున్నాం. దిబ్బల్లో కాలు దిగబడుతుందా, నేల గట్టిగా ఉంటుందా? ఎందుకంటే గండికోటలో పెన్నా లోయ అంచున, బండల మీద అమ్మ చెప్పు తెగింది. చేతిరుమాలుతో కట్టుకుని కుంటుతూ వెనక్కి వచ్చింది. అరవై రెండేళ్లు. చదును నేల మీద ఐదు కిలోమీటర్లు అలవోకగా నడుస్తుంది, ఎక్కుడు దిగుడు అంటేనే మోకాలు పట్టేస్తుంది. ఆ ఎర్ర పాయలన్నీ ఒకేలా ఉంటాయి కదా, లోపల దారి తప్పుతామేమోనని నా టెన్షన్. తోడుగా స్థానికులు ఎవరైనా వస్తారా?

తొట్లకొండ పైదాకా ఆటోలో వెళ్లి, దిగేటప్పుడు నడిస్తే మోకాలికి ఇంకా ఇబ్బందా? కంబాలకొండలో పొద్దున్నే ఎన్నింటికి లోపలికి వదులుతారు? భీమిలి నుంచి చీకటి పడ్డాక ఆటోలు దొరుకుతాయా?

ఇంకొకటి. పాపకు బౌద్ధ స్తూపాల కంటే పీతలే ముఖ్యం. అలలు వెనక్కి వెళ్లాక బండల మధ్య నీటిగుంటలు మిగిలే చోటు ఏదైనా ఉంటే, ఏ వేళకు వెళ్లాలో కూడా చెప్పండి.