పిల్లలు తగ్గారని పోస్టు ఇవ్వకపోతే, ఉన్న పిల్లలు మాత్రం నిలుస్తారా?

ప్రశ్న (తల్లి, పేరెంట్స్ కమిటీ సభ్యురాలు):
మా పాప ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి. ఒకటి నుంచి ఐదు దాకా అన్నిటికీ ఒక్కరే సారు. బాగా చెప్తారు, ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ మండలంలో మీటింగ్ ఉన్నా, ట్రైనింగ్ ఉన్నా, ఆయనకి జ్వరం వచ్చినా ఆ రోజు బడి లేనట్టే. పిల్లలు గేటు దాకా వెళ్లి తిరిగొస్తుంటే పెద్దవాళ్లకి నమ్మకం పోతోంది, పంపడం మానేస్తున్నారు, కాస్త కట్టుకోగలిగినవాళ్లు ప్రైవేటు బడి బస్సు ఎక్కిస్తున్నారు. ఇప్పుడేమో పిల్లలు తక్కువ, రెండో పోస్టు రాదు అంటున్నారు. అసలు రెండో టీచర్ లేకే కదా పిల్లలు తగ్గింది? చట్టంలో ఏముంది, ఎవర్ని అడగాలి? బడే ఎత్తేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1 (ఎస్‌జీటీ, అంటే ప్రాథమిక తరగతుల టీచర్):
అమ్మా, మీరు అడిగింది న్యాయమైన మాట. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్ చూడండి: ఒకటి నుంచి ఐదు తరగతులకి 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు. ఇంతకంటే తక్కువ ఉంటే ఒక్కరు చాలు అనే వరుస అందులో లేనే లేదు. పది మంది ఉన్నా ఇద్దరే ఉండాలి. 30 మందికి ఒకరు అనే నిష్పత్తి ఒక్కదాన్నే పట్టుకుని, ఏ బడికి ఎంతమంది టీచర్లో తేల్చే సర్దుబాటు ఉత్తర్వులు తయారుచేయడం వల్ల చిన్న బడులు ఒక్క టీచర్‌తో మిగులుతున్నాయి. ప్రతి బడికీ కనీసం ఇద్దరు అన్నది 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అనే కేంద్ర పథకం నాడే పెట్టుకున్న లక్ష్యం, అయినా యూడైస్ (దేశంలోని బడుల వివరాల ప్రభుత్వ నమోదు) లెక్కల్లో ఏకోపాధ్యాయ బడులు ఇప్పటికీ లక్షకు పైనే.
నేనూ అలాంటి బడిలో పనిచేశాను. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే ఐదో తరగతి భాగహారం దగ్గర ఆగిపోయి కూర్చుంటుంది, ఈలోపు హాజరు యాప్‌లో ఎక్కించాలి, మధ్యాహ్న భోజనం చూడాలి. ఎంత మంచి టీచరైనా ఐదు తరగతులకి సరిపోడు.

జవాబు 2:
పోస్టులు పెంచితే సరిపోతుందా? ఇద్దరున్న బడుల్లో కూడా వంతులు వేసుకుని వచ్చేవాళ్లున్నారు. చెప్పకుండా వెళ్లి చూసిన సర్వే ఒకటి 2005లో అచ్చయింది, మన దేశంలో ప్రభుత్వ ప్రాథమిక బడుల టీచర్లలో దాదాపు నాలుగో వంతు బడిలో లేరు. ముందు అది సరిచేయండి.

జవాబు 3 (ఎస్‌జీటీ, మళ్లీ):
రాని టీచర్‌ని నేను వెనకేసుకురాను. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గర ఒక్క టీచర్‌తో నడిచే అనియత విద్యా కేంద్రాల్లో (మామూలు బడి కాని చదువు కేంద్రాలు) కెమెరా పెట్టి, వచ్చిన రోజుల్ని బట్టి జీతం ఇస్తే గైర్హాజరు 42 శాతం నుంచి 21కి పడింది. అక్కడ తెరిచిన రోజుల్లో పిల్లల హాజరు శాతం పెద్దగా మారలేదు, తెరిచిన రోజులే పెరిగాయి, దాంతోనే పిల్లల మార్కులూ పెరిగాయి. అంటే తలుపు తెరిచి ఉండటమే అసలు విషయం. ఈవిడ బడిలో సారు ఎగ్గొట్టడం లేదు, ఆయన వెళ్లాల్సిన చోటికి వెళ్తే తలుపు తీసే రెండో మనిషి లేడు. దానికి కెమెరా ఏం చేస్తుంది?

జవాబు 4 (ఇదివరకు సీఆర్పీగా, అంటే కొన్ని బడుల సముదాయానికి సహాయకుడిగా చేశాను):
వెంటనే కావాల్సింది పని సర్దుబాటు. పక్క బడిలో మిగులు టీచర్ ఉంటే తాత్కాలికంగా మీ బడికి వేయమని ఎంఈఓని (మండల విద్యాధికారిని) అడగండి, నోటిమాటగా కాదు, కమిటీ తీర్మానం రాసి, కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. బడి నడవని తేదీలన్నీ ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి. ప్రాథమిక తరగతులకి ఏడాదికి 200 పనిదినాలు చట్టం చెప్పిన కనీసం, ఆ లెక్క మీ చేతిలో ఉంటే మాటకి బలం వస్తుంది. కదలకపోతే విద్యాహక్కు చట్టం సెక్షన్ 32 కింద స్థానిక సంస్థకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, మూడు నెలల్లో తేల్చాలి. అక్కడా కాకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కి అప్పీలు ఉంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్సండీ. ఇంకో భయం. పత్తి తీతలప్పుడు కొన్ని కుటుంబాలు పిల్లల్ని వెంటబెట్టుకుని వలస పోతాయి. ఆ నెలల్లో హాజరు బాగా పడిపోతుంది. అది కూడా పోస్టుకి అడ్డమవుతుందా?

జవాబు 4:
పోస్టులు లెక్కేసేది నమోదుని బట్టి, ఫలానా నెల హాజరుని బట్టి కాదు. కాబట్టి వలస వెళ్లారని పేర్లు కొట్టేయనివ్వకండి, ముందు అది చూసుకోండి. అలాంటి పిల్లల కోసం సమగ్ర శిక్ష అనే బడి చదువుల ప్రభుత్వ పథకం కింద సీజనల్ హాస్టల్ పెట్టే వీలుంది, అమ్మానాన్నలు పనికి వెళ్లినా పిల్లలు ఇక్కడే ఉండి చదువుకుంటారు. వలస మొదలయ్యాక అడిగితే లాభం లేదు, ఏ ఇంటి నుంచి ఎంతమంది పిల్లలో జాబితా రాసి పై తీర్మానంతో పాటే ఇప్పుడే ఇవ్వండి.