హెలికాప్టర్‌లో కరోనా పేషెంట్: మాస్కూ హెడ్‌సెట్టూ కలిపి ఎలా?

నమస్కారం. బేగంపేట నుంచి ఎయిర్ అంబులెన్స్ హెలికాప్టర్‌లో వెళ్లే నర్సుని. పైలట్‌కీ మాకూ మధ్య ప్లాస్టిక్ తెర ఒక్కటే అడ్డం. ఎన్95 మీద హెడ్‌సెట్ మైకు పెడితే నా మాట ఆయనకి గొణుగుడులా వినిపిస్తోందట. మైకు దగ్గరికి నొక్కితే మాస్క్ ముక్కు దగ్గర లేస్తోంది. పైగా ఈ మే ఎండకి పీపీఈ కిట్‌లో చెమట కారిపోయి, గాగుల్స్ మసకబారి, మొన్న మందు కొలత ప్రకారం ఎక్కించే సిరంజి పంపు మీద అంకెలే కనబడలేదు. సబ్బునీళ్లు రాసి చూశా, పది నిమిషాల ముచ్చటే.

దిగాక హెలికాప్టర్ లోపలంతా హైపోక్లోరైట్‌తో, అంటే బ్లీచ్ ద్రావణంతో తుడుద్దామంటే, అది అల్యూమినియాన్ని తినేస్తుందని ఇంజినీర్ ఒప్పుకోడు. ఆయన మాటా నిజమే. మరి 70 శాతం ఆల్కహాల్ సరిపోతుందా? నెగెటివ్ ప్రెజర్ ఐసోలేషన్ పాడ్ (పేషెంట్ గాలి బయటికి రాకుండా చుట్టూ మూసి ఉంచే గూడు) వాడినవాళ్లుంటే చెప్పండి, గాల్లో ఉండగా పేషెంట్‌కి ఊపిరి కోసం గొంతులో ట్యూబ్ వేయాల్సొస్తే ఏం చేశారు? ఇంట్లో అత్తమ్మకి షుగర్ ఉంది, టెన్షన్‌గా ఉంది.