అప్‌డేట్: ‘సమ్మర్ టైమ్ రెండరింగ్’ చివరిదాకా చదివాను

కథ తికమకగా ఉందని, రహస్యం పక్కకు పోయి పోరాటాలే మిగిలాయని మధ్యలో ఆపేసిన ఈ మాంగాను (జపనీస్ కామిక్) కొనసాగించాలా అని ఇంతకుముందు అడిగాను కదా, పూర్తి చేశాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

నాకు అక్కరకొచ్చిన సలహా ఒక్కటే: కథానాయకుడు షింపేయి చనిపోయి కాలంలో వెనక్కి వెళ్లిన ప్రతిసారీ ఏ రోజు, ఏ సమయానికి మేలుకున్నాడో కాగితం మీద రాసుకోమన్నారు. ఆ మొదలయ్యే క్షణం ప్రతిసారీ కొంత ముందుకు జరుగుతుంది, అంటే అతనికున్న అవకాశాలు తరిగిపోతున్నాయి. ఇది గమనించకుండా చదవడం వల్లే నేను తికమకపడ్డాను. పట్టిక రాసుకున్నాక కథలోని చిక్కు విడిపోయింది.

అనువాదం లోపమేమో, అధ్యాయాలు తప్పిపోయాయేమో అన్న అనుమానాలు నిజం కాదు. 2022లో వచ్చిన 25 భాగాల అనిమేలోనూ (జపనీస్ యానిమేషన్ సిరీస్) కథ ఇలాగే మలుపు తిరుగుతుంది.

అయినా నా అసలు ఫిర్యాదు అలాగే ఉంది. చిన్ననాటి స్నేహితురాలు ఉషియో అంత్యక్రియలకు షింపేయి హితోగషిమా దీవికి రావడం, ఆమె మెడ మీద గుర్తులున్నాయని తెలియడం, మనుషుల రూపం ధరించే నీడలు! ఇంత గొప్ప ఆరంభం ఈ మధ్య నేను చదవలేదు. తర్వాత నీడల శక్తులు పెరిగేకొద్దీ పరిశోధన పక్కకు పోయి పోరాటాలే మిగిలాయి. ఎవరు, ఎందుకు అన్న ఆలోచన పోయి, ఎలా గెలుస్తారన్నదే ప్రశ్న అయింది.

13 సంపుటాలు, 139 అధ్యాయాలు. రహస్యం కోసమే చదివేవారికి రెండో సగం నిరాశే. ఉషియో, షింపేయిల కోసమైతే తప్పక చదవండి. చివరి అధ్యాయం నేను రెండుసార్లు చదివాను.