పాత లాప్‌టాప్‌లో లైనక్స్ వేశాక వైఫై కనిపించడం లేదు, ఏ డ్రైవర్ వేయాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. 2009 నాటి లాప్‌టాప్ ఒకటి మూలన పడి ఉంటే, మా చెల్లి ఆన్‌లైన్ క్లాసులకు పనికొస్తుందని ఉబుంటు కుటుంబానికి చెందిన తేలికపాటి లైనక్స్ వేశాను. కోర్ 2 డ్యుయో ప్రాసెసర్, 3 జీబీ ర్యామ్. సౌండ్, స్క్రీన్, కీబోర్డ్ అన్నీ బాగున్నాయి. వైఫై మాత్రం అసలు లేనట్టే ఉంది. నెట్‌వర్క్ మెనూలో దాని పేరే రావడం లేదు. వెతికితే దొరికిన కమాండ్లన్నీ వరసగా కొట్టాను. ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్‌లోంచి బీసీఎండబ్ల్యూఎల్ కెర్నెల్ సోర్స్ అనే ప్యాకేజీ వేశాను. అది ఏదో ఎర్రర్ ఇచ్చింది. తర్వాత ఇంకో కంప్యూటర్‌లో ఫర్మ్‌వేర్ బీ43 ఇన్‌స్టాలర్ దించుకుని తెచ్చి వేస్తే, డౌన్‌లోడ్ చేయలేకపోతున్నానని చెప్పి ఆగిపోయింది. రెండు రోజులుగా ఇదే టెన్షన్. మళ్ళీ మొదటి నుంచి లైనక్స్ వేసేయమంటారా?

జవాబు:

వద్దండి, మళ్ళీ వేసినా ఇదే చోటికి వస్తారు. ముందు కార్డు ఏదో తెలియాలి. టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌ను ఎన్‌ఎన్‌కే ఆప్షన్‌తో నడపండి. వచ్చిన జాబితాలో నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న వరస, దాని కింద ఉన్న రెండు మూడు వరసలు ఇక్కడ పెట్టండి. చదరపు బ్రాకెట్లలో కోలన్‌తో విడదీసిన రెండు సంఖ్యలు ఉంటాయి, నాకు కావలసింది అవే. చిప్ పేరు చూసి డ్రైవర్ ఎంచుకుంటేనే చాలామంది దెబ్బతింటారు.

అలాగే వైఫైకి ఏదైనా అడ్డు పడిందేమో చూపే ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ అనే కమాండ్ ఏం చెబుతుందో, విడిగా వేసిన డ్రైవర్లు తయారయ్యాయో లేదో చూపే డీకేఎంఎస్ స్టేటస్ ఏం చెబుతుందో కూడా రాయండి. ఈ మూడూ చూసేదాకా కొత్తగా ఏదీ వేయకండి.

ప్రశ్న అడిగినవారు:

ఇవిగోండి. బ్రాడ్‌కామ్ బీసీఎం4312, సంఖ్య 14ఈ4:4315. కింద కెర్నెల్ మాడ్యూల్స్ అని ఎస్‌ఎస్‌బీ ఉంది. 'కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్' అన్న వరస మాత్రం లేదు. డీకేఎంఎస్‌లో బీసీఎండబ్ల్యూఎల్ పక్కన 'యాడెడ్' అని ఉంది. ఆర్‌ఎఫ్‌కిల్ కొడితే ఏమీ రాలేదు, ఖాళీ.

జవాబు:

ఇప్పుడు విషయం తేటగా ఉంది. కార్డు బతికే ఉంది, కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టింది కూడా. దాన్ని నడిపే డ్రైవర్ ఒక్కటీ లేదు, అంతే.

14ఈ4 అంటే బ్రాడ్‌కామ్ సంస్థ సంఖ్య. 4315 అంటే మీ చిప్. ఇక్కడే ఒక పెద్ద తికమక ఉంది. మీ చిప్ పేరు 4312, గుర్తింపు సంఖ్య 4315. గుర్తింపు సంఖ్య 4312 ఉన్నది వేరే చిప్, దాని పేరు 4311! అందుకే 4312 అని వెతికితే రెండు చిప్‌ల సలహాలూ కలిసిపోయి వస్తాయి. వెతికేటప్పుడు ఎప్పుడూ 14ఈ4:4315 అని మొత్తం సంఖ్యతోనే వెతకండి.

ఈ చిప్‌కు రెండు దారులు. మొదటిది బీ43. ఇది 2008 నుంచి కెర్నెల్‌లోనే, అంటే లైనక్స్ గుండెకాయలోనే ఉన్న ఓపెన్ డ్రైవర్. దానికి ఫర్మ్‌వేర్ కావాలి, అంటే చిప్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్. లైసెన్స్ కారణంగా ఆ ఫర్మ్‌వేర్‌ను లైనక్స్‌తో కలిపి పంచరు. ఇన్‌స్టాలర్ ప్యాకేజీ తన పని మొదలయ్యాక కంపెనీ పాత డ్రైవర్‌ను ఇంటర్నెట్ నుంచి దించి, అందులోంచి ఫర్మ్‌వేర్‌ను కోసి తీస్తుంది. ఆ కోసే పనిముట్టు పేరు కూడా ఎఫ్‌డబ్ల్యూ కట్టరే. మీ దగ్గర ప్యాకేజీ చేతికి వచ్చినా పని సగంలో ఆగింది ఇందుకే. రెండో దారి డబ్ల్యూఎల్, మీరు వేసిన బీసీఎండబ్ల్యూఎల్ ప్యాకేజీలో ఉండేది అదే. ఇది కంపెనీ ఇచ్చిన డ్రైవర్, మీ కెర్నెల్‌కు తగ్గట్టు మీ కంప్యూటర్‌లోనే కంపైల్ కావాలి, అంటే సోర్స్ కోడ్ నుంచి తయారుకావాలి. మీ దాంట్లో అది పూర్తవలేదు. డీకేఎంఎస్‌లో 'ఇన్‌స్టాల్డ్' అని రావాల్సిన చోట 'యాడెడ్' దగ్గరే నిలిచిపోయింది.

డబ్ల్యూఎల్ ప్యాకేజీ వేసినప్పుడు బీ43, దానికి ఆధారమైన ఎస్‌ఎస్‌బీ మాడ్యూల్ లోడ్ కాకుండా ఒక బ్లాక్‌లిస్ట్ ఫైలు పెడుతుంది. రెండూ ఒకే కార్డు కోసం కొట్టుకోకూడదని ఆ ఏర్పాటు. మీ దగ్గర డబ్ల్యూఎల్ తయారుకాలేదు, బీ43ని అది లోపలికి రానివ్వలేదు. అందుకే కార్డు అనాథగా ఉంది.

మీకు నేను బీ43 చెబుతాను. ముందు నెట్ సంగతి. ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే దాన్ని ఇంటి వైఫైకి కలిపి, యూఎస్‌బీ కేబుల్‌తో లాప్‌టాప్‌కు పెట్టి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లైనక్స్‌కు అది తీగ కనెక్షన్‌లాగే కనిపిస్తుంది, విడిగా డ్రైవర్ అక్కర్లేదు. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్ళు కొన్ని ఉంటాయి. టెథరింగ్ ఆప్షన్ మసకగా ఉండి నొక్కనివ్వకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి.

నెట్ వచ్చాక సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో, ఆప్ట్ పర్జ్ బీసీఎండబ్ల్యూఎల్ కెర్నెల్ సోర్స్ చేయండి. రిమూవ్ కాదు, పర్జ్. రిమూవ్ చేస్తే సెట్టింగ్ ఫైళ్ళు మిగిలిపోవచ్చు. ఆ తర్వాత ఈటీసీ లోపల మోడ్‌ప్రోబ్ డాట్ డీ ఫోల్డర్‌లో బ్లాక్‌లిస్ట్ బీసీఎం43 అనే ఫైలు ఇంకా ఉందేమో చూడండి, ఉంటే తీసేయండి. అప్పుడు ఆప్ట్ అప్‌డేట్, ఆపైన ఫర్మ్‌వేర్ బీ43 ఇన్‌స్టాలర్‌ను రీఇన్‌స్టాల్ ఆప్షన్‌తో వేయండి. ప్యాకేజీ దొరకలేదంటే సాఫ్ట్‌వేర్ సోర్సెస్‌లో మల్టీవర్స్ అనే విభాగానికి టిక్ పెట్టండి. చివరగా డ్రైవర్‌ను లోడ్ చేసే కమాండ్, సుడో మోడ్‌ప్రోబ్ బీ43.

మరొకరు:

నా అనుభవంలో ఇదే కార్డుకు డబ్ల్యూఎల్ వేస్తేనే సిగ్నల్ గట్టిగా అందింది. బీ43తో దూరం గదిలో తెగిపోయేది. కంపైల్‌కు కావలసిన కెర్నెల్ హెడర్స్ ప్యాకేజీ వేసి మళ్ళీ కంపైల్ చేస్తే సరిపోతుంది కదా?

జవాబు:

కొన్ని యంత్రాల్లో అది నిజమే, కాదనను. కానీ డబ్ల్యూఎల్ అసలు సోర్స్ 2015 తర్వాత కదల్లేదు. కెర్నెల్ కొత్తదైనప్పుడల్లా ఉబుంటు లాంటి లైనక్స్ పంపిణీల వాళ్ళు ప్యాచ్‌లు వేసి నెట్టుకొస్తున్నారు. ఏదో ఒక అప్‌డేట్ రోజున కంపైల్ ఆగితే వైఫై మాయమవుతుంది, సరిచేయడానికి నెట్ ఉండదు. క్లాసు మధ్యలో ఆ అమ్మాయికి ఆ కష్టం రాకూడదనే బీ43 చెప్పాను. అది కెర్నెల్‌తో పాటే వస్తుంది, ఫర్మ్‌వేర్ ఒకసారి వేస్తే ఉండిపోతుంది. బీ43తో నిజంగా ఇబ్బందైతే అప్పుడు డబ్ల్యూఎల్‌కు మారొచ్చు.

ఇంకొకరు:

నాది ఇంకా పాతది, 14ఈ4:4318. ఇదే పద్ధతా?

జవాబు:

మీకు బీ43 ఒక్కటే దారి. డబ్ల్యూఎల్ ఆ చిప్‌ను అసలు పట్టించుకోదు, దాని జోలికి వెళ్ళకండి.

ప్రశ్న అడిగినవారు:

ఫోన్ టెథరింగ్ వెంటనే పనిచేసింది! ఇంత సులువని తెలియక రెండు రోజులు పెన్‌డ్రైవ్ పట్టుకుని తిరిగాను. మీరు చెప్పిన ఫైలు నిజంగానే మిగిలి ఉంది, తీసేశాను. ఇన్‌స్టాలర్ ఈసారి చివరిదాకా వెళ్ళింది. ఇప్పుడు ఎల్‌ఎస్‌పీసీఐలో బీ43 పీసీఐ బ్రిడ్జ్ అని వస్తోంది. డ్రైవర్ పేరు బీ43 కదా, ఇది తప్పా? ఇంకా నెట్‌వర్క్‌లు మాత్రం కనిపించడం లేదు.

జవాబు:

తప్పు కాదు, బీ43 నడిచేటప్పుడు అక్కడ అలాగే వస్తుంది. ఇప్పుడు రెండు చూడండి. కెర్నెల్ సందేశాలు చూపే సుడో డీమెసేజ్, అదే డీఎంఈఎస్‌జీ, దాంట్లో యూకోడ్15 అనే ఫర్మ్‌వేర్ ఫైలు దొరకలేదని ఎర్రర్ ఉందా? ఉంటే ఫర్మ్‌వేర్ ఇంకా సరిగా దిగలేదు. లేకపోతే ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్ మళ్ళీ కొట్టండి. ఇందాక డ్రైవర్ లేదు కాబట్టి ఖాళీగా వచ్చింది, ఇప్పుడు ఏదో చెబుతుంది.

ప్రశ్న అడిగినవారు:

యూకోడ్ ఎర్రర్ లేదు. ఆర్‌ఎఫ్‌కిల్‌లో సాఫ్ట్ బ్లాక్డ్ నో, హార్డ్ బ్లాక్డ్ ఎస్.

జవాబు:

హార్డ్ అంటే ఏ కమాండూ తీయలేని అడ్డు. లాప్‌టాప్ ముందు అంచునో పక్కనో చిన్న జరిపే స్విచ్ ఉంటుంది, చేత్తో తడిమి చూడండి. లేకపోతే యాంటెన్నా బొమ్మ ఉన్న ఫంక్షన్ కీని ఎఫ్‌ఎన్‌తో కలిపి నొక్కండి. సాఫ్ట్ బ్లాక్ అయి ఉంటే ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై అంటే పోయేది.

ప్రశ్న అడిగినవారు:

ముందు అంచు కింద ఉందండి! ఇన్నేళ్ళలో ఎప్పుడూ గమనించలేదు. జరపగానే చుట్టుపక్కల నెట్‌వర్క్‌లన్నీ వచ్చాయి. మా రౌటర్‌కు రెండు పేర్లున్నాయి, 5జీ అని చివర ఉన్నది మాత్రం రావడం లేదు.

జవాబు:

అది రాదు. అది 5 గిగాహెర్ట్జ్‌ది, మీ చిప్ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తుంది, బీ, జీ ప్రమాణాలు మాత్రమే. గరిష్ఠ వేగం కాగితం మీద 54 ఎంబీపీఎస్, నిజంగా అందేది అందులో సగం లోపే. క్లాసు వీడియోకు అది చాలు. మామూలు పేరుకే కలపండి. పాస్‌వర్డ్ సరైనదే అయినా కలవకపోతే రౌటర్‌లో సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉందేమో చూసి, డబ్ల్యూపీఏ2కు మార్చండి. రౌటర్ 12 లేదా 13 ఛానెల్‌లో ఉన్నా కొన్నిసార్లు కనిపించదు, 1, 6, 11లో ఒకటి ఎంచుకోండి.

ప్రశ్న అడిగినవారు:

కలిసింది. ఇది ఆ లాప్‌టాప్ నుంచే రాస్తున్నాను. మూత వేసి తీశాక ఒకసారి వైఫై పోయింది, రీస్టార్ట్ చేస్తే వచ్చింది.

జవాబు:

ఈసారి పోతే రీస్టార్ట్ అక్కర్లేదు. మోడ్‌ప్రోబ్ హైఫన్ ఆర్ బీ43 అని తీసి, మళ్ళీ మోడ్‌ప్రోబ్ బీ43 అని పెట్టండి. రెండూ సుడోతోనే. ప్రతిసారీ పోతుంటే చెప్పండి, నిద్రలేచినప్పుడు అదే నడిచేలా చిన్న స్క్రిప్ట్ రాసిస్తాను.